చావులేని మైక్రోగ్లియాను ఎంతవరకు నమ్మొచ్చు?

ఫలానా మొక్కలో దొరికే పదార్థం మెదడులో ఇన్‌ఫ్లమేషన్‌ను (రోగనిరోధక కణాలు రేపే వాపును) తగ్గిస్తుందనీ, రేపో మాపో అల్జీమర్స్‌కు మందవుతుందనీ వార్తలు వస్తూనే ఉంటాయి. ఆ వార్తకు మూలమైన పరిశోధనా పత్రం తెరిచి, ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం చదివితే చాలాసార్లు అక్కడ రోగీ ఉండడు, మెదడూ ఉండదు. ఒక ప్లాస్టిక్ ఫ్లాస్కు, దాని అడుగున అతుక్కుని పెరుగుతున్న కణాలు మాత్రం ఉంటాయి. వాటి పేరు హెచ్‌ఎంసీ3 అనో, సీ20 అనో, చిట్టెలుక నుంచి వచ్చినవైతే బీవీ-2 అనో రాసి ఉంటుంది. పత్రం శీర్షికలో, సారాంశంలో మాత్రం వాటిని ‘మైక్రోగ్లియా’ అనేస్తారు.

ఆ పిలుపు ఎంతవరకు సబబో చూడాలంటే ముందు అసలు మైక్రోగ్లియా సంగతి తెలియాలి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్టెగా వెండి లవణంతో మెదడు కణజాలానికి రంగు పట్టించి, న్యూరాన్ల మధ్య సన్నని కొమ్మలతో కనిపించిన ఈ కణాలను విడిగా గుర్తించి పేరు పెట్టాడు. మెదడుకు సొంత రోగనిరోధక కణాలు ఇవే. చచ్చిన కణాలను మింగేస్తాయి, న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లయిన సినాప్స్‌లలో అక్కర్లేనివాటిని తొలగిస్తాయి, సూక్ష్మజీవి వస్తే ముందు స్పందిస్తాయి. చాలాకాలం పాటు, ఏ గొడవా లేనప్పుడు ఇవి విశ్రాంతిలో ఉంటాయని అనుకున్నారు. 2005లో బతికున్న చిట్టెలుకల మెదడును ప్రత్యేకమైన మైక్రోస్కోప్‌తో చూసినప్పుడు అది విశ్రాంతి కాదని తేలింది. కణం శరీరం కదలకపోయినా కొమ్మలు మాత్రం నిరంతరం సాగుతూ, ముడుచుకుంటూ చుట్టుపక్కల అంతా తడిమి చూస్తున్నాయి.

వీటి పుట్టుక కూడా వేరే. న్యూరాన్లు, వాటికి తోడుగా ఉండే మిగతా గ్లియా కణాలు పిండంలోని నాడీ కణజాలం నుంచి వస్తే, మైక్రోగ్లియా పిండం తొలి దశలో ఉండే పచ్చసొన సంచి నుంచి మెదడులోకి వలస వస్తాయి. 2010లో చిట్టెలుకల మీద చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. అంటే ఇవి మెదడులో పుట్టినవి కావు, వచ్చి స్థిరపడినవి. మెదడు ఇచ్చే సంకేతాలు అందుతున్నంత కాలమే మైక్రోగ్లియాగా ఉంటాయి. ఈ సంగతితో ముందు ముందు పని పడుతుంది.

2013 తర్వాత వీటిపై ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది. ట్రెమ్2 అనే జీన్‌లో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువని ఆ ఏడాది రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. మెదడులో ఆ జీన్ పనిచేసేది ప్రధానంగా మైక్రోగ్లియాలోనే. అప్పటిదాకా న్యూరాన్ల జబ్బుగా చూసిన దానిలో రోగనిరోధక కణాలకూ పాత్ర ఉందని ఒప్పుకోక తప్పలేదు. మరి మనిషి మైక్రోగ్లియా ఎక్కడ దొరుకుతుంది?

దొరకడమే కష్టం. ఫిట్స్‌కో, కణితికో ఆపరేషన్ చేసినప్పుడు బయటికి తీసిన చిన్న ముక్క నుంచి వేరుచేయాలి. లేదా మరణించిన కొద్ది గంటల్లోనే దానం చేసిన మెదడు నుంచి తీయాలి. ఎలా తీసినా వచ్చేవి తక్కువ, ఫ్లాస్కులో వేస్తే పెద్దగా పెరగవు. దాత వయసు, జబ్బు, వాడిన మందులు, చనిపోయాక గడిచిన సమయం ఇవన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి. వెయ్యి రసాయనాలను పరీక్షించాలనుకునేవాళ్లకు ఈ దారిలో పని జరగదు.

అందుకే ఈ చావులేని కణాలు. మామూలు మానవ కణాలను కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పోషక ద్రవం పోసి పెంచితే అవి సుమారు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో అమెరికా శాస్త్రవేత్త లెనార్డ్ హేఫ్లిక్ చూపించాడు. ఆ హద్దు దాటించాలంటే కణంలోని బ్రేకులు తీసేయాలి. ముఖ్యమైన బ్రేకులు రెండు: పీ53, ఆర్‌బీ అనే ప్రొటీన్లు. డీఎన్‌ఏ దెబ్బతింటే విభజనను ఆపేది పీ53, విభజన ఎప్పుడు మొదలవ్వాలో అదుపు చేసేది ఆర్‌బీ. ఎస్‌వీ40 అనే కోతి వైరస్‌లో ‘లార్జ్ టీ’ అనే ప్రొటీన్ ఉంది. అది ఈ రెండింటినీ పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. దాని జీన్‌ను కణంలో ప్రవేశపెడితే కణం హద్దు లేకుండా విభజన వైపు మళ్లుతుంది. అయినా ప్రతి విభజనకూ క్రోమోజోముల కొసలు కొంత అరుగుతూనే ఉంటాయి. ఆ అరుగుదలను పూడ్చే టెలోమరేజ్ ఎంజైమ్ జీన్‌ను కూడా జోడిస్తే కణం నిలకడగా సాగుతుంది. ఇలా ఆగకుండా పెరిగే కణాల వంశాన్నే సెల్ లైన్ అంటారు. కొన్ని సెల్ లైన్లకు లార్జ్ టీ ఒక్కటే వాడారు, కొన్నిటికి రెండూ వాడారు.

ఇక్కడే నాకు ఈ వ్యవహారమంతటిలో పెద్ద వైరుధ్యం కనిపిస్తుంది. మనిషి మెదడులో మైక్రోగ్లియా ఎంత నెమ్మదిగా కొత్తవి అవుతాయో 2017లో ఒక బృందం లెక్కగట్టింది. గతంలో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలోకి, అక్కడినుంచి మన డీఎన్‌ఏలోకి చేరిన కార్బన్-14ను ఆధారం చేసుకుని చూస్తే, ఏడాదికి సుమారు 28 శాతం కణాలే మారుతున్నాయి. ఒక్కో కణం సగటు వయసు 4.2 ఏళ్లు. ఏళ్ల తరబడి ఒకేచోట స్థిరంగా ఉండి చుట్టుపక్కల కాపలా కాసే కణం అది. దాని విభజన బ్రేకులు తీసేసి, ఒకటి రెండు రోజులకోసారి రెట్టింపయ్యేలా చేసి, ఇదిగో మైక్రోగ్లియా అంటున్నాం. దేన్ని అధ్యయనం చేయాలనుకున్నామో ఆ స్వభావాన్నే తయారీలో మార్చేశాం. దీన్ని లోపం అనడం కన్నా, ఈ పనిముట్టుకు మనం కట్టిన వెల అనుకోవడం సబబు. ఇబ్బందల్లా ఆ వెల సంగతి చాలా పత్రాల్లో కనిపించకపోవడమే.

ల్యాబ్‌లో వీటితో పని ఎలా ఉంటుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. మైక్రోస్కోప్ కింద ఫ్లాస్కు పెడితే ఓర్టెగా గీసిన కొమ్మల కణాలేవీ కనిపించవు. అడుగున పరుచుకుని, రెండు కొసలా సాగిన బల్లపరుపు కణాలు కనిపిస్తాయి. కొత్తవాళ్లకు చూపిస్తే ఇవి చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్‌లు అన్నా నమ్ముతారు. ఫ్లాస్కు అడుగు దాదాపు నిండగానే పాత మీడియం (పోషక ద్రవం) తీసేసి, కడిగి, అతుకును విడదీసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పోస్తారు. కొన్ని నిమిషాల్లో కణాలు ముడుచుకుని, గుండ్రమై, ప్లాస్టిక్‌ను వదిలి తేలతాయి. వాటిలో కొంత భాగం కొత్త ఫ్లాస్కుకు, కొంత గడ్డకట్టించి ద్రవ నైట్రోజన్‌కు వెళతాయి. ఇలా ఒకసారి మార్చడాన్ని ఒక పాసేజ్ అంటారు. పాసేజ్‌లు పెరిగే కొద్దీ ఫ్లాస్కులోపల ఒక పోటీ నడుస్తుంటుంది. వేగంగా విభజన చెందేవి మిగిలినవాటిని నెట్టేస్తాయి. పదో పాసేజ్‌లో ఉన్న జనాభా, యాభయ్యో పాసేజ్‌లో ఉన్న జనాభా ఒకటి కావు. ఎవరూ కావాలని చేయకపోయినా ఏరివేత జరిగిపోతుంది. పైగా పీ53 పనిచేయడం లేదు కాబట్టి దెబ్బతిన్న క్రోమోజోములున్న కణాలు కూడా హాయిగా బతికేస్తాయి.

ఇప్పుడు ఈ కణాల వంశచరిత్ర. బీవీ-2ను 1990లో చిట్టెలుక మైక్రోగ్లియా నుంచి, క్యాన్సర్ జీన్లు మోసే వైరస్ సాయంతో తయారుచేశారు. ఇప్పటికీ ఎక్కువగా వాడేవాటిలో అదొకటి. మనిషి విషయానికొస్తే, 1995లో ఫ్రాన్స్‌లోని ఒక బృందం మానవ పిండపు మైక్రోగ్లియాలో లార్జ్ టీ జీన్‌ను ప్రవేశపెట్టి కొన్ని లైన్లు తయారుచేసింది. వాటిలో మూడో క్లోన్ (ఒకే కణం నుంచి పెరిగిన సమూహం) ఇప్పుడు హెచ్‌ఎంసీ3 పేరుతో అమెరికాలోని ఏటీసీసీ అనే కణ భాండాగారంలో దొరుకుతుంది. అయితే భాండాగారానికి చేరేలోపు అది చాలా ల్యాబ్‌లు తిరిగింది. ఒకచోట సీహెచ్‌ఎంఈ3 అన్నారు, మరోచోట సీహెచ్‌ఎంఈ-5 అన్నారు, ఇంకోచోట సీ13-ఎన్‌జే అన్నారు. ఒకే కణానికి నాలుగు పేర్లు ఉంటే చదివేవాళ్లకు తికమక తప్ప పెద్ద నష్టం లేదనుకోవచ్చు. నష్టం జరిగింది.

క్లీవ్‌ల్యాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ బృందం హెచ్ఐవీ మీద పనిచేస్తోంది. మెదడులో ఆ వైరస్ ప్రధానంగా దాక్కునేది మైక్రోగ్లియాలోనే కాబట్టి, అందుకు తగిన మానవ కణాలు వాళ్లకు కావాలి. అప్పటికి చాలామంది వాడుతున్న సీహెచ్‌ఎంఈ-5 కణాలను జన్యుపరంగా పరిశీలిస్తే అవి మనిషివి కావని తేలింది. ఎలుకవి. చిట్టెలుక కూడా కాదు, ల్యాబ్‌లలో వాడే పెద్ద ఎలుక, ర్యాట్. ఈ సంగతి 2017లో వెలువడింది. తిరుగుతూ తిరుగుతూ ఎక్కడో ఒకచోట ఒక ఫ్లాస్కు కణాలు ఇంకో ఫ్లాస్కులో పడి ఉండాలి, లేదా లేబుల్ మారి ఉండాలి. ఆలోపు ‘మానవ మైక్రోగ్లియాలో’ అంటూ ఆ కణాలతో ఎన్నో పత్రాలు వచ్చేశాయి. ఏటీసీసీలో ఉన్న హెచ్‌ఎంసీ3 మాత్రం మనిషిదే.

ఇది మైక్రోగ్లియాకే పరిమితమైన జాడ్యం కాదు. వేర్వేరు పేర్లతో చలామణీ అవుతున్న కణాల్లో చాలావాటిని హీలా అనే, వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు ఆక్రమించేశాయని 1966లోనే జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్‌లర్ చెప్పాడు. మనిషికి వేలిముద్ర లాంటిదే కణానికి ఎస్‌టీఆర్ ప్రొఫైల్. దాంతో పోల్చి చూస్తే కణం ఫలానా మానవ దాతదేనా అన్నది బయటపడుతుంది. పరీక్ష చవకే, తేలికే. అయినా చేయించని ల్యాబ్‌లు ఉన్నాయంటే కారణం బద్ధకమే అనుకోవాలి.

సీహెచ్‌ఎంఈ-5 నమ్మదగింది కాదని తేలాక ఆ బృందం సొంతంగా కొత్త లైన్లు తయారుచేసుకుంది. మానవ మైక్రోగ్లియాలో లార్జ్ టీ, టెలోమరేజ్ రెండింటినీ పెట్టింది. వాటిలో సీ20 అనేది బాగా వాడుకలోకి వచ్చింది. నిద్రాణంగా ఉన్న హెచ్ఐవీని లోపల ఉంచుకున్న హెచ్‌సీ69 అనేది ఇంకొకటి. అందులో వైరస్ మేలుకుంటే కణం పచ్చగా వెలిగేలా ఏర్పాటు ఉంది. ఏ సంకేతం వైరస్‌ను నిద్రలేపుతుంది, ఏ మందు దాన్ని మళ్లీ పడుకోబెడుతుంది అన్నది లక్షల కణాల్లో ఒకేసారి లెక్కపెట్టొచ్చు. ఆపరేషన్‌లో దొరికే చిటికెడు కణాలతో ఈ పని ఊహించలేం. ప్రశ్నకు తగ్గ పనిముట్టు అంటే ఇదీ. కొమ్మలున్నాయా, చుట్టూ తడుముతున్నాయా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మానవ కణం కావాలి, పెద్ద సంఖ్యలో కావాలి, నెలల తరబడి ఒకేలా నిలవాలి.

అసలు చిక్కు ‘ఇది మైక్రోగ్లియాలా ప్రవర్తిస్తుందా’ అని అడిగినప్పుడు మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మైక్రోగ్లియాను రక్తం నుంచి వచ్చే మాక్రోఫేజ్‌ల (చెత్తను, సూక్ష్మజీవులను మింగే కణాల) నుంచి వేరుచేసి చూపే గుర్తులు కొన్ని ఉన్నాయి. పీ2ఆర్‌వై12, టీమెమ్119 అనే ప్రొటీన్లు వాటిలో ముఖ్యమైనవి. మెదడులోని మైక్రోగ్లియాలో ఇవి పుష్కలంగా ఉంటాయి, సెల్ లైన్లలో చాలా తక్కువగానో, దాదాపు లేకుండానో ఉంటాయి. జీన్లన్నిటి చురుకుదనాన్ని కలిపి పోల్చినా హెచ్‌ఎంసీ3 అసలు మైక్రోగ్లియాకు దూరంగానే పడుతుంది.

ఇంకో తేడా స్పందనలో. బ్యాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థాన్ని చల్లి ఇన్‌ఫ్లమేషన్ రేపడం ఈ రంగంలో పాత అలవాటు. బీవీ-2లో ఎల్‌పీఎస్ వేస్తే ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తయిన నైట్రిక్ ఆక్సైడ్ బాగా వస్తుంది, కొలవడం తేలిక. అందుకే ‘మందు వేస్తే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గింది’ అన్న పత్రాలు కుప్పలుగా ఉన్నాయి. మనిషి మైక్రోగ్లియాలో ఆ దారి అంత చురుగ్గా ఉండదు. చిట్టెలుకలో అంత స్పష్టంగా కనిపించే కొలత మనిషి దగ్గరికొచ్చేసరికి దాదాపు చేతికి రాదు. బీవీ-2ను దాని సొంత జాతి ప్రైమరీ మైక్రోగ్లియాతో (మెదడు నుంచి నేరుగా తీసినవాటితో) పోల్చిన 2009 నాటి అధ్యయనంలోనూ, బీవీ-2లో ఎల్‌పీఎస్‌కు మేలుకున్న జీన్లలో 90 శాతం ప్రైమరీ కణాల్లోనూ మేలుకున్నాయి, కానీ బీవీ-2లో ఆ పెరుగుదల బాగా తక్కువ. దిశ సరిపోయింది, మోతాదు సరిపోలేదు. ఇక హెచ్‌ఎంసీ3 ఇంటర్‌ఫెరాన్-గామా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రోగనిరోధక సంకేత ప్రొటీన్లకు బాగానే స్పందిస్తుంది. ఎల్‌పీఎస్‌కు మాత్రం ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా.

అయితే నేరమంతా సెల్ లైన్ల మీదికి నెట్టడం న్యాయం కాదు. మనిషి మెదడు నుంచి అప్పుడే తీసిన అసలైన మైక్రోగ్లియాను కల్చర్‌లో వేసినా కథ దాదాపు అదే. ఆపరేషన్‌లో దొరికిన కణజాలంతో 2017లో చేసిన అధ్యయనంలో, కల్చర్‌లోకి వచ్చిన కొన్ని గంటల్లోనే మైక్రోగ్లియా ప్రత్యేక జీన్లు పడిపోవడం మొదలైంది. మెదడు సంకేతాలు ఆగిపోయాయి కదా మరి. అదే ఏడాది ఇంకో బృందం మరో సంగతి బయటపెట్టింది. ఆరోగ్యకరమైన మెదడులో రక్తనాళాల గోడ సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) లోపలికి రానివ్వదు. కల్చర్‌లో మాత్రం మైక్రోగ్లియాను సీరమ్‌లోనే పెంచుతున్నాం. మైక్రోగ్లియా దృష్టిలో సీరమ్ తగలడం అంటే రక్తనాళం తెగినట్టే! సీరమ్ తీసేసి టీజీఎఫ్-బీటా, ఐఎల్-34 అనే సంకేత ప్రొటీన్లను, కొలెస్టరాల్‌ను ఇస్తే ఎలుక మైక్రోగ్లియా కొమ్మలు వేసి ప్రశాంతంగా బతికింది. సెల్ లైన్లకు సాధారణంగా 10 శాతం సీరమ్ పోస్తారు. అంటే పోలిక కోసం ఏమీ వేయకుండా ఉంచి, ‘శాంతంగా ఉన్న కంట్రోల్’ అని గ్రాఫ్‌లో చూపించే కణం ముందే అలజడిలో ఉందన్నమాట.

పెద్దగా ఎవరూ పట్టించుకోనిది మరొకటి ఉంది. లార్జ్ టీ ఉన్న కణంలో పీ53 దారి మూసుకుపోయి ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బ, కణం ముసలితనం, కణ మరణం, విభజన నియంత్రణ — ఇవన్నీ ఎంతో కొంత ఆ దారి మీదుగానే నడుస్తాయి. అలాంటి కణంలో ఒక మందు మైక్రోగ్లియా ముసలితనాన్ని తగ్గించిందనో, రేడియేషన్ నుంచి కాపాడిందనో చెబితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. బ్రేకు తీసేసిన బండిలో బ్రేకు నూనె నాణ్యతను పరీక్షించినట్టుంటుంది అది. ఫలితం తప్పే కానక్కర్లేదు, కానీ వేరే కణాల్లో చూపించేదాకా దాన్ని మైక్రోగ్లియాకు అంటగట్టకూడదు.

అందుకని ఇలాంటి పత్రం చేతికొచ్చినప్పుడు నేను ముందు ఫలితాలు చదవను. ఏ లైన్, ఎక్కడ నుంచి తెచ్చారు, ఎన్నో పాసేజ్‌లో వాడారు, ఎస్‌టీఆర్, మైకోప్లాస్మా పరీక్షలు చేశారా అని చూస్తాను. మైకోప్లాస్మా అనేది మైక్రోస్కోప్‌కు చిక్కకుండా కల్చర్‌లో బతికేసే బుల్లి బ్యాక్టీరియా. ఇన్‌ఫ్లమేషన్ కొలిచే ప్రయోగంలో అది దూరితే అదే ఇన్‌ఫ్లమేషన్ రేపుతుంది, మన లెక్కంతా గోవిందా. మందు ‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గించింది’ అంటే ఆ మోతాదులో కణాలు బతికే ఉన్నాయా అని కూడా చూడాలి, ఎందుకంటే చచ్చిన కణాలు సైటోకైన్లు (ఇన్‌ఫ్లమేషన్ సంకేత ప్రొటీన్లు) విడుదల చేయడం మానేస్తాయి, గ్రాఫ్ అందంగా కిందికి దిగుతుంది. చివరగా, కీలకమైన ఒక్క ఫలితాన్నైనా ఇంకో రకం మానవ కణాల్లో సరిచూశారా అన్నది. సరిచూసి ఉంటే ఎస్‌వీ40 వాడిన లైనైనా నాకు అభ్యంతరం లేదు.

ఆ ‘ఇంకో రకం’ ఇప్పుడు ఎక్కువగా ఐపీఎస్ కణాల నుంచి వస్తోంది. చర్మం లేదా రక్త కణాలను వెనక్కి నడిపించి, ఏ కణంగానైనా మారగల స్థితికి తెచ్చే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక 2006లో చిట్టెలుకలో, 2007లో మనిషిలో చూపించాడు. 2012లో నోబెల్ వచ్చింది. ఆ కణాల నుంచి మైక్రోగ్లియాను తయారుచేసే పద్ధతులు 2016, 2017ల్లో వరుసగా వచ్చాయి. ఇక్కడ లార్జ్ టీ లేదు, పీ53 చెక్కుచెదరలేదు, రోగి నుంచే కణాలు తీసుకుంటే అతని ట్రెమ్2 మార్పు కూడా వాటిలో ఉంటుంది. పీ2ఆర్‌వై12 లాంటి గుర్తులూ సెల్ లైన్ల కన్నా మెరుగ్గా కనిపిస్తాయి. కానీ ఒక బ్యాచ్ సిద్ధం కావడానికి వారాలు పడుతుంది, కణాలను పెంచే ప్రొటీన్లయిన గ్రోత్ ఫ్యాక్టర్ల ఖర్చు బోలెడు, బ్యాచ్‌కు బ్యాచ్‌కు తేడాలు. పైగా పుట్టే కణాలు పిండ దశకు దగ్గరగా ఉంటాయి, ఎనభై ఏళ్ల మెదడులోని కణాల్లా ఉండవు. వేల జీన్లను క్రిస్పర్ అనే జీన్ కత్తిరింపు పద్ధతితో ఒక్కొక్కటిగా తీసేసి చూసే ప్రయోగాలకో, మొదటి వడపోతకో సెల్ లైన్లనే వాడి, మిగిలిన కొద్ది ఫలితాలను ఐపీఎస్ మైక్రోగ్లియాలో పరీక్షించడం నా లెక్కలో తెలివైన పద్ధతి. రెండోదాన్ని ఎగ్గొట్టి మొదటిదానితోనే పత్రం ముగించేయడం దగ్గరే పేచీ.

ఇంకో అడుగు ముందుకేసినవాళ్లూ ఉన్నారు. ఐపీఎస్ లేదా పిండ మూలకణాల నుంచి తయారైన మానవ మైక్రోగ్లియాను చిట్టెలుక పిల్లల మెదడులో నాటితే అవి నెలల తరబడి బతికి, కొమ్మలు వేసి, మెదడులోని మైక్రోగ్లియాను గణనీయంగా పోలిన జీన్ల తీరు చూపించాయని 2019లో పత్రాలు వచ్చాయి. కణానికి కావలసింది మెదడు సంకేతాలేనన్న మాటకు ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు. అయితే పరాయి జాతి కణాలను తిప్పికొట్టకుండా ఉండాలంటే ఆ చిట్టెలుకకు రోగనిరోధక వ్యవస్థలోని సొంత టీ, బీ కణాలు ఉండకూడదు. మనిషి కణాలు బతకడానికి మనిషి సీఎస్‌ఎఫ్1 ప్రొటీన్ తయారయ్యేలా దాని జన్యువునూ మార్చాలి. అల్జీమర్స్ మెదడులో మైక్రోగ్లియాతో టీ కణాలు కూడా చేతులు కలుపుతున్నాయన్న ఆధారాలు ఇప్పుడు పెరుగుతున్నాయి. వాటినే తీసేసిన మెదడులో ఆ ప్రశ్న అడగడానికి వీల్లేదు.